గది అద్దెకు తీసుకునే ముందు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. మన హాస్టల్లో చదివి పై చదువులకు పట్నం చేరిన ఆడపిల్లలం ఆ సామెతకు ఇంకొక మాట కలుపుకోవచ్చు: గది అద్దెకు తీసుకుని చూడు!

ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు మేము ఈ హాస్టల్లోనే ఉన్నాం. ఇంటర్, డిగ్రీ చదివినన్నాళ్లు కాలేజీ హాస్టల్. అంటే మొత్తం పదేళ్లు. ఆ పదేళ్లలో గంట కొడితే లేచాం, గంట కొడితే తిన్నాం. నీళ్లు రాకపోతే వార్డెన్ మేడంకు చెప్పాం, కరెంటు పోతే వాచ్‌మన్ తాతను పిలిచాం. 2022 చివర్లో పీజీ కోసం హనుమకొండ వెళ్లి, హాస్టల్ సీట్లు నిండిపోయాయని తెలిసి, ట్రంకు పెట్టెలతో బస్టాండులో నిలబడినప్పుడు మాకొక సంగతి అర్థమైంది. గదిని ఎలా వెతకాలో, ఓనరును ఏమేం అడగాలో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. మా ఇండ్లల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. మా అమ్మానాన్నలు అద్దె ఇంట్లో ఒక్క రోజు కూడా ఉన్నవాళ్లు కాదు. గుడిసె అయినా, ఇందిరమ్మ ఇల్లు అయినా ఊళ్లో ఎవరిది వాళ్లదే. కాబట్టి అడగడానికి మాకు ఇంట్లో మనిషి లేడు.

ఆ రెండేళ్లలో రెండు గదులు మారాం. డబ్బు పోగొట్టుకున్నాం, ఒక పరీక్ష పోగొట్టుకున్నాం, కొంత నేర్చుకున్నాం. రేపు మన హాస్టల్ నుంచి వెళ్లబోయే చెల్లెళ్లకు ఆ తిప్పలు తప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం. హనుమకొండ సంగతులే రాసినా హైదరాబాద్‌కు, కరీంనగర్‌కు, ఇంకే ఊరికి వెళ్లినా ఇవి పనికొస్తాయి.

1. గది కంటే ముందు హాస్టల్ సీటు

బయట గది అంటే స్వేచ్ఛ అని మేమూ అనుకున్నాం. అయితే మొదట చేయవలసిన పని హాస్టల్ సీటు కోసం చివరి దాకా ప్రయత్నించడమే. కాలేజీ హాస్టల్లో ఖాళీ లేకపోతే, ఆ ఊళ్లో మన ఎస్సీ అభివృద్ధి శాఖ నడిపే కాలేజీ విద్యార్థినుల హాస్టళ్లు ఎన్ని ఉన్నాయో జిల్లా కార్యాలయంలో కనుక్కోండి. మొదటి విడతలో రాని సీటు, చేరినవాళ్లు కొందరు వెళ్లిపోయాక రెండో విడతలో రావచ్చు. దరఖాస్తు పెట్టి వదిలేయకుండా వారం వారం వెళ్లి అడగాలి.

స్కాలర్‌షిప్ సంగతి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో హాస్టల్లో ఉండేవారికి ఇచ్చే మొత్తం వేరు, బయటి నుంచి వచ్చి చదివేవారికి ఇచ్చేది వేరు. 2021లో కేంద్రం సవరించిన మార్గదర్శకాలలో మొదటి గ్రూపు కోర్సులకు హాస్టలర్‌కు ఏడాదికి 13,500 రూపాయలు, డే స్కాలర్‌కు 7,000 రూపాయలుగా ఉంది. అంటే గదికి మారగానే ఖర్చు పెరుగుతుంది, వచ్చేది తగ్గుతుంది. హాస్టల్ వదిలేటప్పుడు దరఖాస్తులో ఆ మార్పు చేయించడం మరిచిపోవద్దు. పేరు ఒకచోట, ఉండేది ఇంకొకచోట అయితే తర్వాత ఇబ్బంది. స్కాలర్‌షిప్ డబ్బులు ఆలస్యంగా రావడం మనకు కొత్త కాదు. అద్దె మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖు కల్లా కట్టాలి. అందుకే స్కాలర్‌షిప్‌ను నమ్ముకుని గది మాట్లాడుకోకండి.

2. అద్దె ఒక్కటే ఖర్చు కాదు

టూలెట్ బోర్డు చూసి మేము చేసిన మొదటి పొరపాటు అద్దెను ముగ్గురితో భాగించి సంతోషపడటం. అద్దె 4,500, మనిషికి 1,500. ఇంతేనా అనుకున్నాం. గదిలో దిగిన రోజు ఖర్చు ఇలా తేలింది. రెండు నెలల అడ్వాన్సు 9,000, మొదటి నెల అద్దె 4,500, పొయ్యి, చిన్న సిలిండర్, గిన్నెలు, బకెట్లు అన్నీ కలిపి 4,200, సామాను తెచ్చిన ఆటోకు 600. మొత్తం 18,300 రూపాయలు. మనిషికి 6,100. ఒకరి అమ్మ ఆ డబ్బు కోసం పత్తి ఏరే కూలి ముందుగానే అడిగి తీసుకుంది.

ఇక నెల నెలా మనిషికి అద్దె 1,500, కరెంటు 150, గ్యాసు 250, తాగే నీళ్ల క్యాన్లు 100, కూరగాయలు, పప్పు, నూనె, సబ్బులు 1,300. మొత్తం 3,300. బియ్యం ఇంటి నుంచి తెచ్చుకుంటేనే ఈ లెక్క. చూశారా, ఇందులో అద్దె సగం కూడా లేదు! గది మరీ దూరమైతే బస్సు, ఆటో ఖర్చులు దీనికి అదనం. దూరం గదికి 500 తగ్గిందని సంబరపడితే ఆ 500 ఆటోకే పోతుంది. పైగా రోజుకో గంట పోతుంది.

కరెంటు గురించి ఒక మాట. కరెంటు ధర స్లాబుల లెక్కన ఉంటుంది. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది. ఇంటి మొత్తానికి ఒకే మీటరు ఉంటే అందరి వాడకం కలిసి పై స్లాబులోకి పోతుంది. కాబట్టి మన గదికి వేరే మీటరు ఉందా, లేక ఓనరు పెట్టుకున్న సబ్ మీటరా, యూనిట్‌కు ఎంత తీసుకుంటారు అని ముందే అడగాలి. దిగిన రోజు మీటరు మీది అంకె రాసుకుని, ఓనరుకు చూపించి, ఫోన్లో ఫొటో తీసుకోవాలి.

గ్యాసుకు కనెక్షన్ లేదని సందు చివర దుకాణంలో చిన్న సిలిండర్‌లోకి దొంగచాటుగా గ్యాసు నింపించుకోవద్దు. అది ప్రాణాలకే ముప్పు. గ్యాసు ఏజెన్సీల్లో 5 కిలోల చిన్న సిలిండర్ గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, చిరునామా రుజువు అక్కరలేదు. ఇండియన్ ఆయిల్ వారు 2020లో దానికి ఛోటు అని పేరు కూడా పెట్టారు.

3. గది చూసేటప్పుడు ఏం చూడాలి?

మేము మొదటి గదిని సాయంత్రం ఐదు గంటలకు, పది నిమిషాల్లో చూసి ఒప్పుకున్నాం. అలా చేయకండి. ఒకసారి పగలు చూడండి, ఇంకోసారి చీకటి పడ్డాక చూడండి. పగలు ఎంతో సందడిగా ఉండే సందు రాత్రి ఎనిమిదింటికి ఎలా ఉంటుందో, వీధి లైట్లు వెలుగుతాయో లేదో, మూల మీద ఏ దుకాణం ఉందో అప్పుడే తెలుస్తుంది. లైబ్రరీ నుంచి ఒంటరిగా నడిచి రావలసిన దారి అదే.

నీళ్లు: నల్లా నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి? బోరు ఉందా? ఎండాకాలంలో బోరు ఎండుతుందా? ఈ ప్రశ్న ఓనరును కాదు, పక్క పోర్షన్ వాళ్లను అడగాలి. ఎండాకాలం సంగతి నిజంగా చెప్పేది వాళ్లే.

బాత్‌రూం: గదిలోనా, బయటా? బయట అయితే ఎంతమందికి ఒకటి? లోపల గడియ గట్టిగా ఉందా? పైన కిటికీకి అద్దం ఉందా? రాత్రి అక్కడికి వెళ్లే దారిలో లైటు ఉందా? ఇవి అడగడానికి సిగ్గుపడొద్దు. మేము సిగ్గుపడి అడగలేదు. తర్వాత రెండు నెలలు రాత్రి పూట ఒకరికి ఒకరం తోడు వెళ్లాం.

తాళం: ఓనరు దగ్గర ఇంకో తాళంచెవి ఉంటుంది. మన సొంత తాళం వేసుకోవడానికి ఒప్పుకుంటారా అని అడగండి. మనం లేనప్పుడు గది తెరవకూడదన్న మాట ముందే అనుకోవాలి.

గేటు: రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు? లైబ్రరీ తొమ్మిది దాకా ఉండి, గేటు ఎనిమిదింటికే పడితే ఆ గది మన చదువుకు పనికిరాదు, ఎంత చవకైనా సరే.

వాన: ఇది ఎండాకాలంలో గది చూసేవాళ్లకు తట్టని విషయం. 2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ హనుమకొండలో కుండపోత వానలకు నయీంనగర్ నాలా పొంగి చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. 2023లో మేము మొదటి అంతస్తులో ఉన్నాం కాబట్టి బతికిపోయాం. మా క్లాసు అమ్మాయి ఒకామె కింది పోర్షన్‌లో ఉండేది. మంచం కింద పెట్టెలో పెట్టుకున్న పదో తరగతి మెమో, కులం సర్టిఫికెట్ అన్నీ తడిసి ముద్దయ్యాయి. నాలా దగ్గర కింది గది చవకగా దొరికితే ఎందుకు చవకో ఆలోచించండి. సర్టిఫికెట్లు ఎక్కడున్నా ప్లాస్టిక్ కవర్లో, ఎత్తున పెట్టుకోండి.

4. “మీరేమోళ్లు?”

పైన చెప్పినవన్నీ ఎవరైనా చెప్తారు. ఇప్పుడు చెప్పబోయేది మన హాస్టల్ పిల్లలకే చెప్పవలసిన మాట.

గది చూసి, అద్దె మాట్లాడుకుని, ఇక తాళంచెవి ఇస్తారనుకున్నప్పుడు ఆ ప్రశ్న వస్తుంది. కొందరు “మీరేమోళ్లు బిడ్డా?” అని సూటిగా అడుగుతారు. కొందరు ఇంటిపేరు అడుగుతారు. కొందరు “నీసు వండుతరా?” అని మొదలుపెడతారు. మొదటి ఇంట్లో మేము ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఇంటామె లోపలికి వెళ్లి వచ్చి, “మా అన్నోళ్లు వస్తున్నరు, గది ఇయ్యం” అంది. ఆ ఇంటి గేటుకు టూలెట్ బోర్డు ఇంకో నెల వేలాడటం రోజూ చూస్తూ కాలేజీకి వెళ్లాం. రెండో ఇంట్లో అదే. ఐదో ఇంట్లో అదే. ఏడో ఇంట్లో ఇంటామె అడగగానే మా ముగ్గురిలో ఒకరి నోటి నుంచి వేరే కులం పేరు వచ్చింది. మిగతా ఇద్దరం నేల చూశాం. గది దొరికింది.

ఆ గదిలో రెండున్నర నెలలు ఉన్నాం. అంబేడ్కర్ ఫొటోను ట్రంకు పెట్టె అడుగున బట్టల కింద పెట్టాం. పదో తరగతిలో వ్యాసరచన పోటీకి ఈ హాస్టల్ వాళ్లే బహుమతిగా ఇచ్చిన ఫొటో అది. ఫోన్లో ఇంటివాళ్లతో మాట్లాడాలంటే మేడ మీదికి వెళ్లేవాళ్లం. స్కాలర్‌షిప్ కాగితాలు ఓనరు కంట పడకుండా దాచేవాళ్లం. ఇంటామె నిజానికి మంచిదే. పండక్కి సకినాలు పెట్టింది. అవి తింటుంటే గొంతు దిగేవి కావు. ఆమెకు తెలిస్తే ఈ చేయి ఇలాగే ఉంటుందా అన్న ఆలోచనే.

మొదటి సెమిస్టర్ పరీక్షలకు పన్నెండు రోజుల ముందు మాలో ఒకరి నాన్న బియ్యం మూట భుజాన పెట్టుకుని వచ్చాడు. ఇంటామె మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఊరూ వాడా అడిగింది. మేము చెప్పిన అబద్ధం ఆయనకు తెలియదు. తెలిసినా ఆయన చెప్పేవాడు కాదు. “మాది మాదిగవాడమ్మా” అన్నాడు. ఆ సాయంత్రమే మూడు రోజుల్లో ఖాళీ చేయమన్నారు. కాగితం లేదు, రసీదు లేదు. 9,000 అడ్వాన్సులో రంగులకని 3,000, కరెంటుకని 1,500, నెల మధ్యలో ఖాళీ చేస్తున్నందుకని 1,500 పట్టుకుని, 3,000 చేతిలో పెట్టారు. నెల మధ్యలో పొమ్మన్నది వాళ్లే! పరీక్షల ముందు పది రోజులు ఒక సీనియర్ అక్క గదిలో ఆరుగురం ఉన్నాం. మాలో ఒకరికి ఒక పేపరు తప్పింది.

డబ్బు, పేపరు తర్వాత సర్దుకున్నాయి. సర్దుకోనిది ఒకటుంది. బస్సు ఎక్కేముందు ఆ నాన్న “నేనేమన్న తప్పు చెప్పిన్నా బిడ్డా?” అని అడిగాడు. ఆయన తప్పేం చెప్పలేదు. తప్పు చెప్పింది మేము. ఆ మాట మేము ఆయనకు అప్పుడు చెప్పలేకపోయాం.

1917లో అంబేడ్కర్ అమెరికా, ఇంగ్లండులలో చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లారు. ఆయనకు ఉండటానికి చోటు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లు ఆయన్ను ఖాళీ చేయించారు. అంత చదువుకున్న మనిషి ఆ రోజు ఒక పార్కులో దుఃఖంతో కూర్చున్నారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అనే చిన్న పుస్తకంలో ఇది ఆయనే రాసుకున్నారు. డిగ్రీలో దాన్ని పాఠంలా చదివాం. గది ఖాళీ చేశాక మళ్లీ చదివితే అది పాఠంలా అనిపించలేదు.

కులం దాచి గది తీసుకున్నవాళ్లను మేము తప్పు పట్టడం లేదు. అడిగినవాళ్లదే అసలు తప్పు. కానీ మా అనుభవంతో చెప్తున్నాం. దాచి తీసుకున్న గదికి అద్దె రెండుసార్లు కట్టాలి, ఒకసారి డబ్బుతో, ఇంకోసారి భయంతో. ఆ భయం పుస్తకం ముందు కూర్చున్నప్పుడే ఎక్కువ వస్తుంది. మనం పట్నం వచ్చింది చదువుకోవడానికి. చదువును తినేసే గది ఎంత అందంగా ఉన్నా మన గది కాదు.

అందుకని రెండో గదికి మేము ఇలా చేశాం. టూలెట్ బోర్డుల వెంట తిరగడం మానేసి, సీనియర్ అక్కలు ఉన్న ఇళ్లనే అడిగాం. ఫోన్లోనే, గది చూడకముందే, “మేము ఎస్సీ విద్యార్థినులం, నీసు వండుకుంటాం, మీకు అభ్యంతరం లేకపోతే వచ్చి చూస్తాం” అని చెప్పేశాం. నలుగురు ఫోన్ పెట్టేశారు. ఐదో ఆయన రిటైరైన టీచరు. “అద్దె టైముకు కడితే చాలమ్మా” అన్నారు. నాలుగు ఫోన్లు పెట్టేసినందుకు బాధ కలగలేదని కాదు. కానీ కాళ్లు అరగలేదు, అడ్వాన్సు పోలేదు. ఆ గదిలో అంబేడ్కర్ ఫొటో గోడకే ఉంది. రెండో సంవత్సరం మాలో ఎవరికీ ఏ పేపరూ తప్పలేదు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. అంటరానితనం పాటిస్తూ ఒకరిని ఏ ప్రాంతంలోనైనా నివాస గృహంలో ఉండకుండా అడ్డుకోవడం 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ కింద నేరం. నలుగురికీ కనిపించే చోట కులం పేరుతో తిట్టడం, అవమానించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. “అన్నోళ్లు వస్తున్నరు” అనేవారి మీద ఏదీ రుజువు చేయలేమన్నది నిజమే. అయినా, తిట్టి సామాను బయట పడేసే దాకా వస్తే మనం ఒంటరివాళ్లం కాదని తెలిసి ఉండాలి.

5. కాగితం లేనిదే పైసా ఇవ్వొద్దు

మొదటి గదికి మేము నోటి మాట మీద 9,000 ఇచ్చాం. నోటి మాట నోటి మాటగానే పోయింది. రెండో గదికి కాగితం రాసుకున్నాం. సాధారణంగా ఓనర్లు 11 నెలలకు రాస్తారు. రిజిస్ట్రేషన్ ఖర్చు లేకుండా ఉండాలని ఇలా చేస్తారు. అందులో మోసమేమీ లేదు.

కాగితంలో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి: అద్దె ఎంత, ఏ తారీఖున కట్టాలి, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసినప్పుడు అందులో దేనికి ఎంత పట్టుకుంటారు, మిగిలింది ఎన్ని రోజుల్లో ఇస్తారు, అద్దె ఎప్పుడు ఎంత పెంచుతారు, ఖాళీ చేయాలంటే ఇరువైపులా ఎన్ని రోజుల ముందు చెప్పాలి. పరీక్షల నెలలో ఖాళీ చేయమని అడగకూడదన్న మాట కూడా మేము రాయించుకున్నాం. ఓనరు సార్ నవ్వి సంతకం పెట్టారు.

అడ్వాన్సు విషయానికొస్తే, 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి తీసుకోకూడదని చెప్పింది. రాష్ట్రం దాన్ని అమలులోకి తెచ్చినప్పుడే అది చట్టమవుతుంది. అయినా బేరమాడేటప్పుడు ఆ మాట చెప్పవచ్చు. నెల నెలా అద్దెకు ఉన్నవాళ్లను, వేరే ఒప్పందం లేనప్పుడు, ఖాళీ చేయించాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెప్తుంది. మూడు రోజుల్లో పొమ్మన్నప్పుడు ఈ సంగతి మాకు తెలిసి ఉంటే కనీసం పరీక్షలైనా ఆ గదిలోనే రాసేవాళ్లం.

అద్దె ఫోన్ ద్వారా పంపితే ఏ నెల అద్దెనో అందులో రాయండి. చేతికిస్తే ఒక చిన్న నోటుబుక్కులో సంతకం తీసుకోండి. దిగిన రోజే గోడల మరకలు, విరిగిన కిటికీ, కారే నల్లా అన్నిటికీ ఫొటోలు తీసి ఓనరుకు పంపండి. ఖాళీ చేసే రోజు అవే మన సాక్షులు.

6. కలిసి ఉండేవాళ్లతో లెక్క

స్నేహితులం కదా అని లెక్కలు రాసుకోకపోతే మూడో నెలకు స్నేహమే మిగలదు. ఎవరు ఎంత పెట్టారో రోజూ రాయాలి. వంట, గిన్నెలు, నీళ్లు వంతుల వారీగా చేసుకోవాలి. రాత్రి చదివేవాళ్లెవరు, తెల్లవారి చదివేవాళ్లెవరు అని ముందే మాట్లాడుకుంటే లైటు దగ్గర గొడవ రాదు. అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో ఒకరికి పెళ్లి కుదిరో, ఉద్యోగం వచ్చో వెళ్లిపోతే ఆమె వాటా అద్దె ఎవరు కట్టాలి? మేము అనుకున్నది ఇది: వెళ్లేవాళ్లు ఒక నెల ముందు చెప్పాలి, లేదా తన బదులు ఒకరిని తీసుకురావాలి.

7. ఆపద వస్తే

అత్యవసరమైతే 112 లేదా 100. మహిళలకు 181. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల ఫిర్యాదులకు జాతీయ హెల్ప్‌లైన్ 14566. ఉచిత న్యాయ సహాయానికి 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టంలో ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. వాళ్లు వకీలును కూడా పెట్టిస్తారు. ఈ నంబర్లు ఫోన్లోనే కాదు, గది తలుపు వెనుక కూడా రాసిపెట్టుకోండి.

గది ఒప్పుకునే ముందు ఓనరునూ, పక్కవాళ్లనూ, మనల్ని మనమూ అడగవలసిన పది ప్రశ్నలు

1. అడ్వాన్సు ఎంత, తిరిగి ఎప్పుడిస్తారు?
2. వేరే మీటరు ఉందా, యూనిట్‌కు ఎంత?
3. ఎండాకాలంలో నీళ్లుంటాయా?
4. వానాకాలంలో నీళ్లు లోపలికొస్తాయా?
5. బాత్‌రూం ఎక్కడ, ఎంతమందికి?
6. గేటు ఎన్నింటికి వేస్తారు?
7. సొంత తాళం వేసుకోవచ్చా?
8. కాగితం రాసిస్తారా, రసీదు ఇస్తారా?
9. ఇంటి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఒక పూట ఉండవచ్చా?
10. ఈ గదిలో నేను నా పేరుతో, నా ఊరితో ఉండగలనా?

మొదటి ఎనిమిదింటిలో ఒకటి రెండు అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. చివరి రెండింటికి లేదన్న జవాబు వస్తే ఆ గది వదిలేయండి.

చివరగా పూర్వ విద్యార్థినులైన అక్కలకు ఒక విన్నపం. ఈ వార్షికోత్సవం రోజున వార్డెన్ మేడం గదిలో మేము ఒక పొడుగు నోటుబుక్కు పెడుతున్నాం. మీరున్న ఊళ్లో మన పిల్లలకు మర్యాదగా గది ఇచ్చిన ఇల్లు ఏదైనా ఉంటే, ఆ ఓనరును అడిగి, వాడకట్టు పేరు, అద్దె అందులో రాయండి. మీ ఇంట్లోనే గది ఖాళీ అయితే బోర్డు పెట్టే ముందు హాస్టల్‌కు ఒక ఫోన్ చేయండి. మొదటి పేజీలో మా రెండో గది రాశాం. ఇప్పుడు ఆ గదిలో మన హాస్టల్ నుంచి వెళ్లిన ఇద్దరు చెల్లెళ్లు ఉన్నారు. మొన్న వెళ్లి చూస్తే మేము కొట్టిన మేకుకే వాళ్లూ ఫొటో పెట్టుకున్నారు.

చెల్లెళ్లారా, బాగా చదవండి. గది చూడటానికి వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి, ఒక అక్కను వెంట తీసుకెళ్లండి. ఎవరూ దొరకకపోతే మాకు చెప్పండి, మేమే వస్తాం.

ఇట్లు,
మీ సీనియర్ అక్కలు